మామ మాట్లాడరాదు

రెండున్నర కాకముందే నేను నోరు మూసుకోవాలి. ఇది మా అక్క కూతురు పెట్టిన రూలు. గోడమీద అన్నం మెతుకులతో అంటించిన కాగితంలో తొమ్మిది రూళ్ళు హెడ్‌మేష్టరు శ్రీనివాసప్పవి, నీలం సిరాతో ముత్యాల్లా ఉంటాయి. పదోది అంబికది. పెన్సిలుతో, చికన్‌గున్యా పట్టిన వేళ్ళతో రాసింది కాబట్టి అక్షరాలకు కూడా కీళ్ళు వాచినట్టుంటాయి. కన్నడంలో రాసింది. నా చదువు ఆరో తరగతిలోనే ఆగిపోయింది గాని కన్నడం అక్షరం తెలుగు అక్షరానికి అన్నదమ్ముడే, తలకట్టు దగ్గర కాస్త జాగ్రత్తగా చూసుకుంటే చాలు. నాలుగు రోజులుగా ఈ చాపమీద పడుకుని చదువుతూనే ఉన్నాను. మామ మాతాడబారదు. అంటే మామ మాట్లాడరాదు. ఈ ఇంట్లో ఇంకో మామ లేడు, తప్పించుకోడానికి.

గొంతే నా బతుకు. చింతామణి మార్కెట్లో టమేటా వేలం పాడే ఆంజనేయప్ప అంటే ఎవరైనా చెప్తారు. క్రేట్ల వరస ముందు నిలబడి నేను పాట ఎత్తుకుంటే రైతు తన ఏడుపు మరిచిపోతాడు, కొనేవాడు నవ్వుతూ నవ్వుతూ ఇంకొంచెం పైకి పాడేస్తాడు. దిబ్బూరహళ్ళి రైతు పెళ్లాంతో పోట్లాడి వచ్చాడా లేదా అనేది అతని కాయలు చూసి చెప్పేస్తానని నాకు పేరు. అసలు సంగతి ఏమంటే, పోట్లాడకుండా వచ్చే రైతు ఉండడు. అలాంటి నోటికి రోజూ అరగంట తాళం. మా అక్క లక్ష్మీదేవమ్మ పట్టుపురుగులకు వేసే హిప్పునేరేడు ఆకు కోతకు పోతూ గడప దగ్గర ఆగి మరీ చెప్పింది. "రేయ్ ఆంజనేయా, పిల్ల పాఠం వింటాది. నీ కోతి చేష్టలు యాడన్నా పెట్టుకో, ఈడ మాత్రం వద్దు." "లేచేదానికే చేతగాలేదక్కా. కోతినే అనుకో, కుంటి కోతిని." "కాళ్ళకుండాయి కీళ్ళు, చేతులకుండాయి. నోటికి లేవు కదరా, అదే నా బయం." అని గంప తలకెత్తుకుని పోయింది. నోటికి కీళ్ళు లేవు. ఈ మాట నేను ఎందుకు ముందే అనలేదా అని కాసేపు కుళ్ళుకున్నాను. ఈ వారం నాకు అదే పని, కుళ్ళుకోవడం.

ఈ జ్వరం పేరు విని ఊళ్ళో సగంమంది కోడి తినడం మానేశారు. చికన్ అన్నాడు కదా డాక్టరు, అందుకని. మరి జన్మలో కోడి ముట్టని పూజారప్ప ఎందుకు కుంటుతాండాడప్పా అని అడిగింది నేనొక్కణ్ణే. చింతామణిలో నేనూ నా పెళ్లాం సుజాతమ్మా ఒకేసారి పడ్డాం. ఆమెను పుట్టింటివాళ్ళు బాగేపల్లికి తీసుకుపోయారు, నన్ను మా అక్క ఇక్కడికి తెచ్చుకుంది. తెచ్చుకున్నాక చూస్తే ఇక్కడ అంబికకు ముందే వచ్చి ఉంది. చీలమండలు పొంగిన పూరీల్లా ఉన్నాయి పాపకు. బడి మైలు దూరం, పోలేదు. ఏడో తరగతిలో సగంమంది అంతే, ఇళ్ళల్లో మూలుగుతున్నారు. అందుకని హెడ్‌మేష్టరు ఒక ఉపాయం చేశాడు. రోజూ మధ్యాహ్నం రేడియోలో బడిపిల్లలకు పాఠం వస్తుంది కదా, దాన్ని ఇంట్లోనే వినమన్నాడు. వినడమంటే ఎలాపడితే అలా కాదు. ఇల్లే బడి అనుకోవాలంట. ఆ కాగితం నిండా అదే. మొహం కడుక్కుని, యూనిఫారం వేసుకుని, జడలు వేసుకుని కూర్చోవాలి. వీపు నిటారుగా ఉండాలి, గోడకు ఆనుకోరాదు, చాపమీద పడుకుని వినరాదు. రేడియో చెయ్యి చాచినంత దూరంలో ఉండాలి, మధ్యలో దాన్ని ముట్టుకోరాదు. చివరి పాట అయిపోయేదాకా ఒంటికి కూడా లేవరాదు. రేడియో మేష్టరు అడిగితే ఎదురుగా ఉన్నట్టే గట్టిగా జవాబు చెప్పాలి. సందేహం వస్తే చెయ్యెత్తాలి. ఇంట్లోవాళ్ళు రుబ్బరాదు, దంచరాదు, పోట్లాడరాదు. అన్నీ సరేగాని, చెయ్యెత్తడమేంటి. రేడియోకు చెయ్యెత్తితే రేడియో ఏ కంటితో చూస్తుంది. మొదటి రోజు ఇది చదివి నేను నవ్విన నవ్వుకు పక్కింటి మేక తాడు తెంపుకుంది. అంబిక నవ్వలేదు. "మామా, అది రూలు" అంది. బుజ్జి హెడ్‌మేష్టరమ్మ.

ఇప్పుడు కూడా చూడు, వాచిన చేతులతో జడలు తనే వేసుకుంది. ఒకటి చెవిమీదికి ఎక్కింది, ఇంకోటి కిందికి జారింది. చెప్దామని నోటిదాకా వచ్చింది, మింగాను. నీలం గౌను, తెల్ల చొక్కా, ఇంట్లో చెప్పులు లేకపోయినా మేజోళ్ళు. నోటుపుస్తకం ఒళ్ళో. రేడియో స్విచ్చి నొక్కింది, ఎర్రలైటు వెలిగింది, సెల్లులు ఎప్పుడో చచ్చిపోయాయి కాబట్టి కరెంటుమీదే దాని బతుకు. పిల్లల పాట వచ్చింది, పాట వెనకాలే వాడు, ఆ రేడియో మేష్టరు, వచ్చాడు. నమస్కార మక్కళే, అన్నాడు. నమస్కారం పిల్లలూ అని. ఈ పిల్ల రెండు చేతులూ జోడించింది, నమస్తే సార్ అంది. ఆ జోడించడం చూడు. నేను చింతామణి నుంచి చక్కిలాల పొట్లం తెచ్చినప్పుడు కూడా ఇంత ఇదిగా నా మొహం చూడలేదు ఎప్పుడూ. నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి జేబులో చెయ్యి పెట్టేది, ఆ జేబులో నేను తొండ తోక పెట్టుకుని ఉండేవాణ్ణి, కేకలు పెట్టి ఊరంతా ఉరికేది, మళ్ళీ వారం మళ్ళీ అదే జేబులో చెయ్యి పెట్టేది. అది ప్రేమ కాకపోతే ఏంటి. దండం పెట్టడం సులభం, తొండ ఉంటుందని తెలిసీ చెయ్యి పెట్టడం కష్టం.

వాడి గొంతు చూడు. నేను గొంతులు ఎరిగినవాణ్ణి, మార్కెట్లో గొంతును బట్టే మనిషిని కొంటాం అమ్ముతాం. ఆ గొంతులో ఒక్క టమేటా గింజ ఇరుక్కోలేదు ఎప్పుడూ. దుమ్ము పోలేదు, లారీ పొగ పోలేదు. బెంగళూరులో చల్లటి గదిలో, ఇస్త్రీ చొక్కాలో, పక్కన గ్లాసులో నీళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. వాడికి పళ్ళు కూడా తెల్లగానే ఉంటాయి, గొంతులోనే తెలిసిపోతుంది. నిదానంగా మాట్లాడతాడు, ఎవరూ పోటీ పాడరు కదా వాడిమీద. బుధవారం నాడు పిల్లలను ఉత్సాహపరచడానికి పొడుపుకథ వేశాడు. ఊరంతా తిరిగొస్తుంది, ఇంట్లోకి మాత్రం రాదు, ఏంటది అని. అంబిక చెప్పులు అని అరిచి, కిలకిల నవ్వింది. అది నా పొడుపుకథ. రెండేళ్ళ కింద బాగేపల్లి బస్టాండులో ఈ పిల్లకు వేసింది నేను. జవాబు చెప్పలేక చెప్పలేక, చెప్పాక నవ్వి నవ్వి చేతిలో బన్ను కింద పడేసుకుంది, నా బన్ను కూడా ఇచ్చేశాను. నా సొమ్ము దోచుకుని నా మేనకోడలి నవ్వు వాడు కొట్టేశాడు. అలా నవ్వుతున్నప్పుడు ఒక్కసారైనా నావైపు చూస్తుందేమోనని చూశాను. గోడమీద పదో రూలు ఉంది, ఎందుకు చూస్తుంది.

పైగా వాడికొక అలవాటు. ప్రశ్న అడుగుతాడు, ఉత్తర హేళి అంటాడు, జవాబు చెప్పండి అని. తరవాత కాసేపు ఊరుకుంటాడు. అదే పిల్లలకు ఇచ్చిన సందు. ఆ సందులో కర్ణాటకంతా ఎవరెవరో ఏదేదో అరుస్తారు. వెంటనే శాభాష్ మక్కళే, సరియాద ఉత్తర అంటాడు. సరైన జవాబు అని. చెప్పినా శాభాష్, చెప్పకపోయినా శాభాష్, పిల్ల నిద్రపోయినా శాభాష్, ఇంట్లో పిల్లే లేక పిల్లి ఉన్నా శాభాష్. నిన్న అంబిక తప్పు చెప్పింది. తప్పని దానికే తెలిసింది, వాడు మళ్ళీ సరైంది చెప్పాడు కదా. కాని శాభాష్ అప్పటికే వచ్చేసింది. ఆ శాభాష్‌ను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పాప నోటుపుస్తకం అంచు గిల్లుతూ కూర్చుంది. మంగళవారం ఇంకో సంగతి. పాపకు ఏదో సందేహం వచ్చింది, చెయ్యెత్తింది. నిజంగా ఎత్తింది. మణికట్టు వాచి ఉంది, ఇంకో చేత్తో మోచేతిని పట్టుకుని ఎత్తింది. వాడు ముందుకు పోతూనే ఉన్నాడు. పాప చెయ్యి అలాగే ఉంది. ఒక పాట వచ్చింది, పాట పోయింది, చెయ్యి అలాగే ఉంది. చివరకు మెల్లగా దించి పుస్తకంలో ఒక గుర్తు పెట్టుకుంది. ఏంటి పాపా నీ సందేహం అని అడగాలని నా నాలుక పీకింది. నాకు తెలిసేది కాదనుకో, అయినా అడిగితే ఏం పోయింది. అడగలేదు. మామ మాట్లాడరాదు.

ఆ రూలు ఊరికే పుట్టలేదు. సోమవారం నాకు ఇంత ముదరలేదు, గోడ పట్టుకుని నడుస్తున్నాను. రేడియో వెనక గోడకు చిన్న కిటికీ ఉంది, ఇనపచువ్వల కిటికీ, అవతల పశువుల పాక. పాఠం మొదలై కొంతసేపయ్యాక పాకలోకి పోయి కిటికీ కింద కూర్చున్నాను. వాడు ప్రశ్న అడిగి సందు ఇచ్చాడు. ఆ సందులో నేను దూరాను. వాడి గొంతే, అచ్చం వాడి గొంతే, ఎందరి గొంతులు చేశాను మార్కెట్లో, అది నాకొక లెక్కా. అంబికా, ఎద్దు నిల్లు, అన్నాను. లేచి నిలబడు అని. అంతే. లోపల గుడ్డల చప్పుడయింది, పాప నిలబడింది. నేను పాకలో ఎద్దు మెడమీద మొహం పెట్టుకుని నవ్వుతున్నాను, కడుపులో నొప్పి వచ్చేదాకా. కూర్చో అనాలి కదా తరవాత. అందామనే అనుకున్నాను. సందు దొరకలేదు. వాడు ఆపకుండా పాఠం చెప్పుకుపోయాడు, చెప్పుకుపోయాడు. సందు వచ్చేసరికి నా మోకాళ్ళు పట్టేసి కిటికీదాకా లేవలేకపోయాను. నేను గోడ పట్టుకుని లోపలికి వచ్చేసరికి పాఠం అయిపోయింది. పాప ఇంకా నిలబడే ఉంది. ఆ చీలమండలమీద, మేజోళ్ళు బిగుసుకుపోయి, పెదవి పంటితో కరిచి పట్టుకుని. "కూకో పాపా, నేనేలే అన్నది" అన్నాను నవ్వుతూ. నవ్వుతూనే అన్నాను, నా మొహానికి ఇంకోటి రాదు. పాప ఏడవలేదు. నన్ను చూసింది. మెల్లగా కూర్చుని, పెన్సిలు తీసుకుని, మళ్ళీ లేచి గోడదాకా పోయి కాగితం కింద రాసింది. రాసి వచ్చి పడుకుంది. అప్పటినుంచి ఒక్క మాట లేదు. నీళ్ళు కావాలా అని కూడా వాళ్ళ అమ్మతోనే అడిగిస్తుంది. "మామకు నీళ్ళు కావాల్నేమో అడుగు" కాదు, "అమ్మా, ఆడ పండుకోనుండే ఆయనకు నీళ్ళు కావాల్నంటనా." ఆయన అంట. పదమూడేళ్ళ పిల్ల నోట ఆయన అయిపోయాను.

అందరూ అంటారు, ఆ రాత్రికే నా భుజాలు కూడా పట్టేశాయి కాబట్టి పాపం తగిలిందని. తగిలి ఉండొచ్చు. అయినా నాకు కోపం వాడిమీదే. నిలబడు అన్నది నేనే గాని నిలబడింది వాడికోసం. నేను నా గొంతుతో నిలబడు అని ఉంటే పో మామా అని నాలుక బయటపెట్టి ఉండేది. నా గొంతుకు లేవని కాళ్ళు వాడి గొంతుకు లేచాయి. ఇదిగో, ఇది తలుచుకుంటే ఈ కీళ్ళనొప్పి నొప్పే కాదు.

ఈరోజు పాఠం నదులు. నంది కొండ అంటున్నాడు, బెట్ట అంటున్నాడు, మన జిల్లా కొండ గురించి మనకే బెంగళూరునుంచి చెప్తున్నాడు. నంది కింద గుడి దగ్గర నేను తాగిన సోడాలన్ని నీళ్ళు కూడా వాడు ఆ కొండమీద చూసి ఉండడు. నదులు ఎక్కడెక్కడ పుడతాయో చెప్పాడు, ఏది ఎటు పోతుందో చెప్పాడు. నాకు చెవులు మూసుకోవాలని ఉంది, చేతులు లేవవు. ఎందుకంటే ఈ పాఠం నాకు తెలుసు. తెలుసు అంటే, ఈ ప్రశ్న తెలుసు. జవాబు ఇప్పటికీ తెలియదు.

మా నాయన కోలారు బంగారు గనుల్లో పనిచేసేవాడు. మేము బాగేపల్లి అవతల ఊళ్ళో, తెలుగు బడిలో నేను. నెలకొకసారి పోస్టు ఆయన సైకిలు దిగి ఉత్తరం అని కేక వేసేవాడు. ఆ కేక వింటే మా అమ్మ చేతిలో ఏదున్నా అక్కడే పెట్టేసి పరిగెత్తేది. మా ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం, మా నాయన. బడిలో ప్రశ్నకు చెప్పేది జవాబు, నాయన రాసేది ఉత్తరం. ఆరో తరగతికి నన్ను చింతామణి పక్కన మా అవ్వ ఊళ్ళో కన్నడం బడిలో వేశారు. మొదటి పరీక్ష. కాగితం పైన, కింది ప్రశ్నలకు ఉత్తర బరెయిరి అని ఉంది. బరెయిరి అంటే రాయండి అని తెలుసు. ప్రశ్నలు అన్న మాట తెలుసు. ఉత్తర అన్నదీ తెలుసు, నాకంటే బాగా ఎవరికి తెలుసు. నంది కొండలో పుట్టి ఆంధ్రకు పారే నది ఏది అని మొదటి ప్రశ్న. నాకు భలే సంతోషమయింది. ఈ బడి మంచిదనుకున్నాను, ప్రశ్నలు వాళ్ళే ఇచ్చి, వీటి గురించి మీ నాయనకు ఉత్తరం రాయండి అంటున్నారు. రాశాను. తెలుగులో, రెండు పక్కలా నిండుగా. నాయనా, ఈడ అందరూ క్షేమం, మేక ఈనింది. ఈడ మేష్టరు నది యాడ పుడతాదని అడుగుతాండాడు. నాకు తెల్దు. నువ్వు భూమి లోపల పనిచేస్తావు కదా, నీళ్ళు యాడినుంచి పైకి వస్తాయో నీకు అగపడతాది, చూసి రాయి. ఇంకా ఎన్నో రాశాను.

ఆదినారాయణప్ప మేష్టరు దాన్ని తరగతి మొత్తానికీ చదివి వినిపించాడు. మేక ఈనింది అన్న దగ్గర నవ్వడం మొదలుపెట్టారు, భూమి లోపల అన్న దగ్గరికి వచ్చేసరికి బెంచీలు కొట్టి నవ్వుతున్నారు. "ఏమప్పా, తమాషా చేస్తాండావా పరీక్షలో" అన్నాడు మేష్టరు. నేను నిలబడి ఉన్నాను. అప్పుడు నాముందు రెండు దారులున్నాయి. నాకు తెలియలేదు సార్ అనొచ్చు. లేదా. చుట్టూ చూశాను, అందరి పళ్ళూ కనపడుతున్నాయి. నేను కూడా నవ్వాను. "అవును సార్, తమాషాకే" అన్నాను. బెత్తం విరిగేదాకా కొట్టాడు, పోకిరి అన్నాడు. బయటికి వచ్చాక పిల్లలు భుజాలమీద చేతులేసి తీసుకుపోయారు. మొద్దు అని ఒక్కడూ అనలేదు. ఆ రోజునుంచి నేను పోకిరినే. మొద్దుకంటే పోకిరి ఎంత గొప్ప ఉద్యోగమో చెప్తే తెలియదు. ముప్పైయేళ్ళుగా అదే ఉద్యోగం. ఈ కథ నేను పెళ్ళిళ్ళలో చెప్పాను, మార్కెట్లో చెప్పాను, అంబికకు వందసార్లు చెప్పాను, మేష్టరును ఎలా ఏడిపించానో చూడు పాపా అని. భూమి లోపల అనే ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు వాడు రేడియోలో ఉత్తర హేళి అన్నప్పుడల్లా, తప్పు చెప్పినా శాభాష్ అన్నప్పుడల్లా, నా కుళ్ళు ఎవరిమీదో నాకే సరిగా తెలియడం లేదు. వాడిమీదా. ఆ మేజోళ్ళు వేసుకుని నిటారుగా కూర్చున్న పిల్లమీదా. ఏం చెప్పినా కొట్టని మేష్టరు, ఏం చెప్పినా నవ్వని తరగతి, అదృష్టవంతురాలు. మేనకోడలిమీద కుళ్ళుకునే మామ ఉంటాడా ఎక్కడైనా. ఉన్నాడు, ఈ చాపమీద ఉన్నాడు.

నంది బెట్టదల్లి హుట్టి ఆంధ్రక్కె హరియువ నది యావుదు. అడిగేశాడు. అదే ప్రశ్న, ముప్పైయేళ్ళ తరవాత, మాట కూడా మారలేదు. ఉత్తర హేళి, మక్కళే.

అంబిక వీపు ఇంకా నిటారుగా చేసుకుని గట్టిగా, "ఉత్తర పినాకిని" అంది.

సందు. వాడు శాభాష్ అనాలి ఇప్పుడు. అనలేదు. ఇంకాసేపు ఆగాను, అనలేదు. పాప తల కొంచెం పక్కకు వంచింది. మళ్ళీ, ఇంకా గట్టిగా, "ఉత్తర పినాకిని సార్" అంది. నాకు కనపడింది, ఎర్రలైటు ఆరిపోయింది, కరెంటు పోయింది. పాప రేడియో వైపు చూడడం లేదు, నేలమీద చూస్తూ కూర్చుంది. మధ్యలో ముట్టుకోరాదు కదా, ఊరికే వింటోంది. నా జవాబు తప్పేమో అని వింటోంది. ఆ పెదవి మళ్ళీ పంటికింద పెట్టుకుంది, సోమవారం పెట్టుకున్నట్టే.

ఒక్క మాట చాలు. వాడి గొంతు నా గొంతులోనే ఉంది, బయటికి తీస్తే వస్తుంది. శాభాష్ అంబికా, సరియాద ఉత్తర. ఇంతే. పాప మొహం వెలిగిపోతుంది. వాడు ఇన్నాళ్ళూ పేరు పెట్టి ఒక్కసారి పిలిచాడా, నేను పిలుస్తాను. వాడి కుర్చీ ఖాళీగా ఉంది, పోయి కూర్చోవడమే. ఆ వెలుగు నాకోసం కాకపోయినా దాన్ని వెలిగించింది నేనే అని నాకు తెలుస్తుంది కదా. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోట్లోకి సోమవారం వచ్చింది, ఆ మేజోళ్ళు వచ్చాయి. మూసేశాను. నా గొంతుతో చెప్దామా, కరెంటు పోయింది పాపా అని. గోడమీద పదో రూలు. ఇప్పుడు మాట్లాడితే రేపటినుంచి ఆయన కూడా కాను, ఆడ పండుకోనుండేది అయిపోతాను.

అప్పుడు ఆరో రూలు కనపడింది. చదివాను. సందేహం వస్తే చెయ్యెత్తాలి.

కుడిచెయ్యి ఎత్తడం మొదలుపెట్టాను. నేలనుంచి జానెడు లేచేసరికి భుజంలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. ఇంకో జానెడు. మార్కెట్లో ఈ చెయ్యే క్రేటు క్రేటుకూ గాల్లో తిరిగేది, వేలు ముడిస్తే బేరం అయిపోయినట్టు. ఇప్పుడు నీళ్ళల్లో బండరాయిని ఎత్తుతున్నట్టుంది. మోచెయ్యి పలికింది. కళ్ళల్లో నీళ్ళు వాటంతటవే కారాయి. చెవిదాకా వచ్చింది. చెవి దాటింది. ఎత్తి, అలా పట్టుకుని ఉన్నాను, అరిచేయి తెరిచి, ఆరో తరగతి పిల్లాడిలాగా. పిలుస్తారో పిలవరో తెలియదు. ఆ పిల్ల మంగళవారం ఎలా పట్టుకుందో నాకప్పుడు అర్థమయింది.

నా మూలుగుకు అంబిక తిరిగి చూసింది. చాలాసేపు చూసింది, తొండ ఎక్కడుందా అన్నట్టు. తరవాత టీచరులాగానే అంది. "చెప్పు."

"కరెంటు పోయింది పాపా. ఆయనకు నీమింద కోపం లేదు. లైటు చూడు."

చూసింది. భుజాలు కొంచెం కిందికి దిగాయి. "అయితే నా ఉత్తర సరిగ్గానే ఉండాదా?"

"నాకు తెల్దు."

"తెల్దా? నువ్వు ఆరో తరగతిలో తమాషాకి ఉత్తరం రాసింది ఈ ప్రశ్నకే కదా. ఉత్తర తెలిసే మేష్టరును ఆట పట్టిస్తినంటివే."

"తమాషా కాదు పాపా."

"అంటే?"

"ఉత్తర అంటే జాబు అనుకుంటి. మా నాయనకు రాయమన్నారనుకుంటి. నిజంగానే అనుకుంటి."

నవ్వుతుందని చూశాను. వందసార్లు నవ్విన కథ. నవ్వలేదు. ముప్పైయేళ్ళుగా ఎవరిని చూసినా నవ్వించాలని చూసే మనిషిని, మొట్టమొదటిసారి ఎవరైనా నవ్వకపోతే బాగుండునని చూశాను, నవ్వలేదు. "మరి తాత ఏమని రాసినాడు?" అని అడిగింది.

"ఆ ఉత్తరం పోలేదు. మేష్టరు చింపేసినాడు."

"ఉత్తర పినాకిని" అంది, వాడికి చెప్పినంత గట్టిగా కాదు, చిన్నగా. "మనం పెన్నా అంటాం చూడు, అదే. ఆ నది పేరులోనే ఉత్తర ఉండాది మామా."

మామా అంది.

"సరే, ఇంక చెయ్యి దించు."

"దిగలేదమ్మా. పట్టేసింది."

మొహం మారిపోయింది పాపది. "మళ్ళా మొదులుపెట్టినావా."

"దేవుడి తోడు."

"నీ దేవుళ్ళందరూ నాకు తెలుసు." అంది గాని నా మొహం చూస్తూనే ఉంది. నేను నవ్వకుండా ఉండాలని చూశాను. నవ్వకుండా ఉండాలంటే నా మొహం ఎలా పెట్టుకోవాలో నాకు తెలియదు, ఏదో పెట్టాను. చెయ్యి గాల్లోనే ఉంది. పాప నోటుపుస్తకం పక్కన పెట్టింది. పాఠం మధ్యలో, పాట రాకముందే, రూలు తప్పి, పిర్రలమీద జరుగుతూ జరుగుతూ చాపదాకా వచ్చింది. తన వాచిన వేళ్ళతో నా మోచెయ్యి పట్టుకుంది. తనకూ నొప్పే, నాకూ నొప్పే, ఎవరి నొప్పికి ఎవరు అబ్బా అన్నామో తెలియదు. కొంచెం కొంచెంగా దించింది, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నా చేతిని నా పక్కన పడుకోబెట్టింది.

గోడ పట్టుకుని లేచింది తరవాత. పెన్సిలు తీసుకుని కాగితం దగ్గరికి పోయింది. పదో రూలు కొట్టేస్తుందనుకున్నాను. కొట్టెయ్యలేదు. మామ అన్న మాటకూ మాతాడబారదు అన్న మాటకూ మధ్యలో పైన చిన్న గుర్తు పెట్టి, ఇంకేదో ఇరికించి రాస్తోంది. అప్పుడే కరెంటు వచ్చింది. ఏ ప్రశ్నకో మాకు తెలియదు, వాడు గొంతు నిండుగా శాభాష్ మక్కళే, సరియాద ఉత్తర అన్నాడు. అంబిక వెనక్కి తిరగలేదు, రాస్తూనే ఉంది.

పాప పక్కకు జరిగాక కూడబలుక్కుని చదివాను. మామ కై ఎత్తదె మాతాడబారదు. చెయ్యెత్తకుండా మామ మాట్లాడరాదు.

కుడిచెయ్యి చచ్చి పడుంది. ఎడమది మెల్లగా లేపాను.